ఆఫ్టర్‌మార్కెట్ కార్బన్ ఫైబర్ బానెట్ – గాలిరంధ్రాల మార్పు: ఒక వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంజిన్ వేడిని తగ్గించే ఉద్దేశంతో కార్లకు గాలిరంధ్రాలున్న కార్బన్ ఫైబర్ బానెట్లను అమర్చుకోవడం, వాటిని మళ్లీ తమ అవసరానికి తగినట్లు కోసి మార్చుకోవడం మోటారు క్రీడాభిమానులలో విస్తృతంగా ఉన్న అలవాటు. రంధ్రం ఉన్నంత మాత్రాన వేడిగాలి బయటికి పోదని, రంధ్రానికి లోపలా వెలుపలా ఉన్న పీడనాల తేడాయే గాలి దిశను నిర్ణయిస్తుందని ఈ వ్యాసం వివరిస్తుంది. రంధ్రం స్థానాన్ని కొలతతో నిర్ణయించే పద్ధతి, కార్బన్ ఫైబర్‌ను కోసేటప్పుడు ఎదురయ్యే సమస్యలు, లోహభాగాలతో కలిగే తుప్పు, వాననీరు, బిగింపు, చట్టపరమైన పరిమితులు ఇందులో చర్చింపబడ్డాయి.

కీలకపదాలు: బానెట్, కార్బన్ ఫైబర్, గాలిరంధ్రం, పీడనభేదం, పడుగు-పేక, రెజిన్, రేడియేటర్.

1. ప్రవేశిక:

అమెరికాలో రేసు ట్రాకులను వారాంతాల్లో ఔత్సాహికులకు తెరిచి ఉంచే సంప్రదాయం ఉంది. ఎవరి కారు వారు తెచ్చుకొని, నిర్ణీత సమయం పాటు తమ శక్తిమేరకు నడుపుకోవచ్చు. ఇలాంటి చోట్ల తరచుగా కనిపించే కార్లలో జపాన్‌కు చెందిన మాజ్డా ఎంఎక్స్-5 ఒకటి. 1989లో విడుదలైన ఈ కారు అమెరికాలో మియాటా అన్న పేరుతో ప్రసిద్ధం. రెండు సీట్లు, ముందు ఇంజిన్, వెనుక చక్రాలకు చోదకశక్తి, తక్కువ బరువు దీని లక్షణాలు. మొదట 1.6 లీటర్ల ఇంజిన్‌తోనూ, తరువాత 1.8 లీటర్ల ఇంజిన్‌తోనూ వచ్చిన ఈ కారు మామూలు రోడ్డు మీద యజమానిని వేడి విషయంలో పెద్దగా ఇబ్బంది పెట్టదు. ట్రాకు మీద ఎడతెగకుండా పూర్తి వేగంతో తిరిగేటప్పుడు, అందులోనూ శక్తి పెంచడానికి టర్బో అమర్చినప్పుడు, ఇంజిన్‌ను చల్లబరిచే నీటి ఉష్ణోగ్రత పైకి పాకడం మొదలవుతుంది.

అప్పుడు యజమాని దృష్టి సహజంగా బానెట్ మీద పడుతుంది. వాహన తయారీసంస్థ కాక బయటి సంస్థలు చేసి అమ్మే బానెట్లనే ఆఫ్టర్‌మార్కెట్ బానెట్లు అంటారు. నల్లని నిగనిగతో, ఏటవాలు నేతతో, రెండు మూడు గాలిరంధ్రాలతో అది చూడముచ్చటగా ఉంటుంది. దాన్ని బిగించిన తరువాత కూడా ఉష్ణోగ్రత ముల్లు కదలకపోతే, రంధ్రాలు చాలలేదేమోనన్న అనుమానంతో మరికొన్ని కోస్తారు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. రంధ్రం తప్పు చోట ఉంటే దాని సంఖ్యను పెంచడం వల్ల మేలు జరగకపోగా, ఇంజిన్ గదిలోని పొగ ప్రయాణికులు కూర్చునే చోటికి చేరవచ్చు. కోతతో బలహీనపడిన బానెట్ వేగంలో ఊడి, ముందు అద్దాన్ని కప్పివేయవచ్చు. కాబట్టి ఈ మార్పులో మొదటి పరికరం కోత యంత్రం కాదు, పీడనమాపకం అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన.

2. పరిభాష:

తెలుగు రాష్ట్రాల్లో డ్రైవర్లు, మెకానిక్కులు ఈ భాగాన్ని బానెట్ అంటారు. ఇది బ్రిటిష్ ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు అక్కడి వాడుకను అనుసరించి దీన్నే హుడ్ అంటారు. ఈ వ్యాసంలో బానెట్ అన్న మాటే వాడబడింది. రంధ్రాలలో మాత్రం రెండు రకాలను విడదీసి చూడాలి. బయటి గాలిని లోపలికి తీసుకొనేది ఒకటి, లోపలి గాలిని బయటికి వదిలేది మరొకటి. సుబారు డబ్ల్యుఆర్‌ఎక్స్ బానెట్ మీద ముందుకు నోరు తెరుచుకొని ఉండే ఎత్తైన తొట్టి మొదటి రకం. దాని కిందనే ఇంజిన్‌పై ఇంటర్‌కూలర్ ఉంటుంది, దాన్ని చల్లబరచడమే ఆ తొట్టి పని. ఈ వ్యాసానికి సంబంధించింది రెండవ రకం. ఈ రెండింటినీ ఒకటిగా భావించి, ఒకదాని నమూనాను మరొకదానికి వాడటం వల్ల జరిగే పొరపాట్లు తక్కువేమీ కావు.

3. గాలి ఏ దిశలో ప్రవహిస్తుంది?

వేడిగాలి పైకి లేస్తుంది కాబట్టి బానెట్‌లో ఎక్కడ రంధ్రం పెట్టినా అది బయటికి పోతుందన్నది సాధారణ విశ్వాసం. కారు ఆగి ఉన్నప్పుడు, ట్రాఫిక్‌లో మెల్లగా కదులుతున్నప్పుడు ఇది నిజమే. వేగం పెరిగేకొద్దీ మాత్రం వేడి వల్ల కలిగే ఈ తేలిక బలం లెక్కలోకి రానంత స్వల్పమవుతుంది. అప్పుడు గాలిని నడిపేది పీడనభేదం.

కదిలే గాలికి ఉండే చలనపీడనం గాలి సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వస్తుంది. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు అనుకుంటే, గంటకు 40 కి.మీ. వేగంలో ఇది సుమారు 74 పాస్కల్‌లు, 100 కి.మీ. వేగంలో సుమారు 463, 160 కి.మీ. వేగంలో సుమారు 1185 పాస్కల్‌లు. వేగం నాలుగు రెట్లయితే పీడనం పదహారు రెట్లవుతుంది. నగరంలో గంటకు 40 కి.మీ. మించని కారుకు గాలిరంధ్రాల వల్ల చెప్పుకోదగిన ప్రయోజనం ఎందుకు ఉండదో ఈ అంకెలే తెలియజేస్తాయి.

ఈ పీడనం బానెట్ అంతటా ఒకే తీరున పనిచేయదు. కారు ముక్కును తాకిన గాలి బానెట్ ముందు వంపు మీదుగా పైకి ఎక్కేటప్పుడు వేగం పుంజుకుంటుంది. అక్కడ ఉపరితల పీడనం పరిసర పీడనం కంటే తగ్గుతుంది. అదే గాలి వెనక్కి ప్రవహించి ముందు అద్దం అడుగున ఉన్న మూలకు చేరేసరికి నెమ్మదిస్తుంది. అక్కడ పీడనం పెరుగుతుంది. మరొకవైపు రేడియేటర్ గుండా ఇంజిన్ గదిలోకి దూసుకువచ్చిన గాలి బయటికి పోయే దారి దొరకక లోపల పీడనాన్ని పెంచుతుంది. బానెట్ ముందు భాగంలో, రేడియేటర్‌కు కాస్త వెనుకగా రంధ్రం ఉంటే లోపలి అధికపీడనం బయటి అల్పపీడనం వైపు గాలిని తోస్తుంది. రంధ్రం అద్దం అడుగున ఉంటే గాలి బయటికి రావడం కష్టం. చాలా సందర్భాల్లో అది లోపలికే వస్తుంది.

అద్దం అడుగున అధికపీడనం ఉంటుందన్నది కొత్త విషయం కాదు. అమెరికాలో 1969 నాటి షెవ్రొలే కమారో కారుకు ఐచ్ఛికంగా లభించిన ఒక బానెట్‌లో మధ్యభాగం ఉబ్బెత్తుగా ఉండి, దాని నోరు వెనుకకు, అంటే అద్దం వైపు తెరుచుకొని ఉండేది. 1970 నాటి షెవెల్ ఎస్ఎస్ కారులో అదే చోట ఇంజిన్ పీల్పును బట్టి పనిచేసే రెక్క ఉండేది. రెండింటి ఉద్దేశమూ ఒకటే, అక్కడ పోగుపడే చల్లని గాలిని కార్బురేటర్‌కు అందించడం. గాలిని లోపలికి తీసుకోవడానికి ఇంజినీర్లు ఎంచుకొన్న చోటునే, గాలిని బయటికి పంపడానికి నేటి అభిమానులు ఎంచుకోవడం విచిత్రం. బానెట్ వెనుక అంచు కింద వాషర్లు పెట్టి పైకి లేపే అలవాటు కూడా ఈ కోవకే చెందుతుంది. ఆగి ఉన్న కారులో ఆ సందు గుండా వేడి పైకి రావడం కంటికి కనిపిస్తుంది. నమ్మకానికి మూలం ఆ దృశ్యమే.

ఇందులో ప్రాణానికి సంబంధించిన విషయం కూడా ఉంది. చాలా కార్లలో ప్రయాణికుల గదికి బయటి గాలిని అందించే ద్వారం అద్దం అడుగునే ఉంటుంది. అక్కడ పీడనం ఎక్కువ కాబట్టే దాన్ని అక్కడ అమర్చారు. దాని సమీపంలో బానెట్‌ను తెరిచి ఉంచితే, కారు ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ గదిలోని వాయువులు పైకి లేచి ఆ ద్వారం గుండా లోపలికి చేరతాయి. ఎగ్జాస్ట్ గొట్టం అతుకులో చిన్న లీకు ఉన్నా, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రయాణికుల గదిలోకి రావడానికి అది దారి అవుతుంది.

4. కొలత:

పీడనభేదాన్ని కొలవడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని ఇంగ్లీషు యు అక్షరం ఆకారంలో వంచి, పలకకు బిగించి, సగం వరకు రంగునీళ్లు పోస్తే పీడనమాపకం సిద్ధమవుతుంది. దాని ఒక కొన నుంచి గొట్టాన్ని ఇంజిన్ గదిలోకి, రెండవ కొన నుంచి గొట్టాన్ని బానెట్ పైకి తీసుకువెళ్లాలి. రెండు నీటిమట్టాల మధ్య ఒక మిల్లీమీటరు తేడా సుమారు 9.8 పాస్కల్‌లకు సమానం. గంటకు 100 కి.మీ. వేగంలో పూర్తి చలనపీడనం 47 మిల్లీమీటర్ల నీటిమట్టానికి సమానం కాబట్టి తేడా కంటికి స్పష్టంగానే కనిపిస్తుంది.

పైన అతికించే గొట్టం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. దాని కొనను గాలికి ఎదురుగా తెరిచి ఉంచితే అది ఉపరితల పీడనాన్ని కాక గాలి తాకిడిని కొలుస్తుంది. కొనను మూసివేసి, పక్కన సూదిమొనంత రంధ్రం చేసి, గొట్టాన్ని గాలివాలుకు సమాంతరంగా టేపుతో అతికించాలి. ఇంజిన్ గదిలోని కొనను కూడా ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోట ఉంచాలి. రోడ్డు మీద ఇతర వాహనాలు లేని చోట, స్థిరమైన వేగంలో, పక్క సీటులోని వ్యక్తి ఈ అంకెలను నమోదు చేయాలి. నడిపే వ్యక్తి ఆ పని చేయరాదు. బానెట్ మీద ముందు నుంచి వెనుకకు, ఎడమ నుంచి కుడికి గడులు గీసుకొని ఒక్కొక్క గడిలో కొలిస్తే, ఆ కారుకే ప్రత్యేకమైన పీడనపటం తయారవుతుంది. లోపలి గొట్టం వైపు నీరు ఎక్కడ ఎక్కువగా కిందికి దిగుతుందో అక్కడ రంధ్రం పెడితే గాలి బలంగా బయటికి వస్తుంది. నీరు కదలని చోట రంధ్రం అలంకారం మాత్రమే.

ఊలు దారాల ముక్కలను వరుసలుగా అతికించి, పక్కనుంచి వీడియో తీయడం మరొక పద్ధతి. దారాలు నున్నగా వెనక్కి వాలితే గాలి ఉపరితలాన్ని అంటిపెట్టుకొని సాగుతున్నట్లు, గిరగిర తిరిగితే విడిపోయినట్లు తెలుస్తుంది. అయితే దారం దిశను చూపుతుంది గాని పీడనాన్ని చెప్పదు. అందువల్ల ఇది మొదటి పద్ధతికి తోడు కాగలదు గాని బదులు కాజాలదు.

ఈ కొలతకంటే ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. ముందు నుంచి వచ్చే గాలి రేడియేటర్ గుండానే పోవాలన్న నియమం గాలికి లేదు. రేడియేటర్ పక్కన, పైన, కింద సందులుంటే అది సులభమైన దారినే ఎంచుకుంటుంది. ఆ సందులను రబ్బరు పట్టీలతోనో, పలుచని అల్యూమినియం రేకుతోనో మూయడం బానెట్ కోయడంకంటే చౌక, చాలాసార్లు అంతకంటే ఫలవంతం. ఎంఎక్స్-5 విషయంలో ఇంజిన్‌లోనే మరొక కారణం ఉంది. మొదట అడ్డంగా అమర్చడానికి రూపొందిన ఇంజిన్ కుటుంబాన్ని ఈ కారులో నిలువుగా తిప్పి అమర్చినప్పుడు, వెనుక ఉండవలసిన నీటి నిర్గమద్వారం ముందుకు మారింది. దానివల్ల వెనుక సిలిండర్ల వైపు నీటి ప్రసరణ తగ్గింది. ఆ నీటిదారిని మళ్లీ వెనుకకు మార్చుకోవడం ఈ కారు యజమానులలో ప్రసిద్ధమైన సవరణ. వేడికి కారణం అక్కడ ఉంటే బానెట్‌కు ఎన్ని రంధ్రాలు పెట్టినా లాభం స్వల్పమే.

5. పదార్థం – పడుగు, పేక, రెజిన్:

కార్బన్ ఫైబర్ అంటే మొదట నూలు, తరువాత గుడ్డ, ఆ తరువాతే పలక. ఒక్కొక్క పోగు మందం 5 నుంచి 10 మైక్రాన్లు. 3కె అని వ్యవహరించే దారంలో ఇలాంటి పోగులు 3000 ఉంటాయి. ఆ దారాలను పడుగు-పేకలుగా నేస్తారు. ఒక పడుగు పైనుంచి, ఒక దాని కిందినుంచి పేక పోతే సాదా నేత. రెండింటి పైనుంచి, రెండింటి కిందినుంచి పోతూ ప్రతి వరుసలో ఒక దారం పక్కకు జరిగితే ఏటవాలు గీతలు ఏర్పడతాయి. బానెట్ల మీద ఎక్కువగా కనిపించేది ఈ ఏటవాలు నేతే. నేతకు సంబంధించినంత వరకు ఈ ఆధునిక పదార్థాన్ని వివరించడానికి తెలుగులో కొత్త పదాలను కల్పించవలసిన అవసరం లేదు. మగ్గం దగ్గరి మాటలే చాలు. సంస్కృత సమాసాలతో కల్పించే పారిభాషిక పదాలకంటే ఇవి కచ్చితమైనవి కూడా.

ఈ గుడ్డను అచ్చులో పరిచి రెజిన్‌తో తడిపి గట్టిపరిస్తే పలక తయారవుతుంది. ఎపాక్సీ రెజిన్‌తో చేసిన పలక సాంద్రత ఘనపు సెంటీమీటరుకు సుమారు 1.6 గ్రాములు, ఉక్కుది 7.85, అల్యూమినియానిది 2.7. బరువు తగ్గడానికి కారణం ఇదే. అయితే దీని బలం పోగు సాగిన దిశలోనే ఉంటుంది. పోగును తెగగొట్టిన చోట ఆ బలం అంతటితో ఆగిపోతుంది. మగ్గం మీద నేసిన చీర అంచు నూలు ఊడదు, కత్తెరతో కోసిన అంచు ఊడుతుంది. కోసిన కార్బన్ అంచు పరిస్థితి రెండవదాని వంటిది.

కార్బన్ ఫైబర్ అన్న పేరుతో అమ్మేవన్నీ పూర్తిగా కార్బన్ కావు. తక్కువ ధర బానెట్లలో పైన ఒక్క పొర మాత్రమే కార్బన్ గుడ్డ ఉండి, కింద గ్లాస్ ఫైబర్, దానిమీద మందంగా పూసిన రెజిన్ ఉండటం సాధారణం. ఇది మోసమని చెప్పడం కంటే, కొనేవాడు తెలుసుకోవలసిన విషయమని చెప్పడం న్యాయం. బానెట్‌ను తిరగవేసి అడుగును చూస్తే చాలావరకు తెలుస్తుంది. తెల్లని పీచు కనిపిస్తే గ్లాస్, నల్లని రంగు పూసి ఉంటే దాచినదేదో ఉన్నట్లు. తొలుత రెజిన్‌లో నానబెట్టి, ఆటోక్లేవ్‌లో వేడితోనూ పీడనంతోనూ గట్టిపరిచిన పలకల్లో రెజిన్ తక్కువ, బలం ఎక్కువ, ధర కూడా ఎక్కువ. అమెరికన్ తయారీసంస్థలు సైతం ఈ పదార్థాన్ని వాడాయి. 2004 నాటి కొర్వెట్ జెడ్06 స్మారక సంచికకు కార్బన్ ఫైబర్ బానెట్ అమర్చబడింది.

రెజిన్‌కు వేడి విషయంలో హద్దు ఉంటుంది. గది ఉష్ణోగ్రత వద్ద గట్టిపడే సాధారణ ఎపాక్సీలు సుమారు 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తబడటం ప్రారంభిస్తాయి. టర్బోకు దగ్గరగా ఉన్న బానెట్ భాగం, అందులోనూ ఎండలో నిలిపిన నల్లని బానెట్, ఈ హద్దును సులభంగా దాటుతుంది. అడుగున వేడిని తిప్పికొట్టే రేకును అతికించడం, పైన అతినీలలోహిత కిరణాలను అడ్డుకొనే క్లియర్ కోటు వేయించడం అలంకారాలు కావు. రెండవది లేకపోతే ఎపాక్సీ పసుపు రంగుకు తిరుగుతుంది.

6. కోత:

చాలా బానెట్లలో పైపలక ఒకటి, దానికి అడుగున అతికించిన చట్రం ఒకటి ఉంటాయి. వంపును తట్టుకొనే బిగువు పలక మందం ఘనాన్ని బట్టి మారుతుంది. మందం సగమైతే బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పలుచని పైపలకకు బిగువునిచ్చేది ఆ చట్రమే. అందుచేత పీడనపటం చూపిన చోటును అడుగువైపు నుంచి మరొకసారి పరిశీలించి, చట్రపు కమ్ములు తెగకుండా, లాకు దరిదాపులకు పోకుండా రంధ్రపు హద్దులు నిర్ణయించాలి. పీడనం చెప్పేది ఒకటి, చట్రం ఒప్పుకొనేది మరొకటి అయినప్పుడు చట్రం మాటే వినాలి.

గీత గీయవలసిన చోట ముందుగా టేపు అంటించాలి. దీనివల్ల పైపూత పెచ్చులూడదు. రంధ్రం మూలలు ఎన్నడూ పదునైన కోణాలుగా ఉండరాదు. బలమంతా ఆ మూలలో కేంద్రీకృతమై పగులు అక్కడినుంచి పాకుతుంది. ముందుగా నాలుగు మూలల్లో గుండ్రని రంధ్రాలు చేసి, వాటిని కలుపుతూ కోయాలి. పెద్ద పళ్ల రంపం పొరలను విడదీస్తుంది. వజ్రపుపొడి పూత ఉన్న చిన్న చక్రం దీనికి తగినది. హద్దుకు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలగా కోసి, మిగిలినది గరుకు కాగితంతో అరగదీయడం క్షేమకరం.

దుమ్ము విషయంలో డెంటింగ్ షెడ్లలో కనిపించే నిర్లక్ష్యం ఇక్కడ పనికిరాదు. ఈ దుమ్ము చర్మాన్ని దురద పెడుతుంది, ఊపిరితిత్తులకు హానికరం. పైగా కార్బన్ విద్యుద్వాహకం కాబట్టి ఆ దుమ్ము కారు ఎలక్ట్రానిక్ భాగాల మీద పడితే షార్ట్ సర్క్యూట్ కావచ్చు. బానెట్‌ను కారు నుంచి విప్పి, దూరంగా తీసుకువెళ్లి, తడిపి కోయాలి. ముక్కుకు సరిగ్గా అతుక్కొనే రేణువుల మాస్కు, కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి. దుమ్మును గాలిగొట్టంతో ఊదివేయకుండా తడిగుడ్డతో తుడవాలి.

కోసిన అంచును అలాగే వదిలివేయరాదు. పోగుల మధ్యకు నీరు చేరుతుంది. పలుచని ఎపాక్సీని అంచుకు పట్టించడం కనీసచర్య. రంధ్రం పెద్దదైతే దాని చుట్టూ అడుగువైపున రెండు మూడు పొరల గుడ్డపట్టీలను అతికించి, అంచును కిందికి మడిచినట్లు చేస్తే కోల్పోయిన బిగువులో కొంత తిరిగి వస్తుంది. ఇక్కడ రెజిన్ ఎంపికలో ఒక నియమం ఉంది. గట్టిపడిన పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా అంటుతుంది గాని, గట్టిపడిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా అంటదు. పాత బానెట్ దేనితో చేసిందో తెలియనప్పుడు ఎపాక్సీ వాడటమే మంచిది.

వెనుక ఉన్న తప్పుడు రంధ్రాలను మూయడం కూడా ఈ మార్పులో భాగమే. పాత రంధ్రపు అంచులను ఏటవాలుగా అరగదీసి, అడుగునుంచి పొరలు పేర్చి మూయాలి. లప్పం పెట్టి మూస్తే కొన్నాళ్లకే వేడికి, అదురుకు పగులుతుంది.

కొత్త రంధ్రానికి ముందు అంచున చిన్న నిలువు పట్టీని అమర్చడం ఉపయోగకరం. 1971లో అమెరికన్ రేసు డ్రైవరు డాన్ గర్నీ రేసు కారు వెనుక రెక్క చివర ఇలాంటి పట్టీని వాడినప్పటి నుంచి దానికి ఆయన పేరే స్థిరపడింది. బానెట్ మీద దాని పని కొంత భిన్నం. ఎదురుగా వచ్చే గాలిని అది ఎగదోస్తుంది, దాని వెనుక, అంటే రంధ్రం మీద, పీడనం మరింత తగ్గుతుంది. ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తుతో మొదలుపెట్టి కొలుస్తూ పోవాలి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి నిరోధం కూడా పెరుగుతుంది.

7. లోహంతో పొత్తు:

కోసిన రంధ్రంలో అల్యూమినియం జాలీని రివెట్లతో బిగించడం చాలామంది చేసే పని. ఉక్కు బానెట్‌కు అనుకూలమైన ఈ పద్ధతి కార్బన్‌కు ప్రమాదకరం. కార్బన్, అల్యూమినియం నేరుగా తాకి, వాటి మధ్య తడి చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. అందులో కరిగిపోయేది అల్యూమినియం. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ, విశాఖ వంటి సముద్రతీర నగరాల్లోనూ ఇది వేగంగా జరుగుతుంది. మొదట రివెట్ల చుట్టూ తెల్లని పొడి కనిపిస్తుంది, తరువాత రివెట్ వదులవుతుంది. రెండింటి మధ్య గ్లాస్ గుడ్డ పొరను లేదా సీలెంట్‌ను అడ్డుగా ఉంచి, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలతో బిగించడం దీనికి విరుగుడు. జాలీని కూడా కార్బన్‌తోనో గ్లాస్‌తోనో చేసుకుంటే సమస్యే ఉండదు.

8. వాననీరు:

ట్రాకుకే పరిమితమైన కారుకు వాన పెద్ద సమస్య కాదు. రోజూ వాడే కారులో రంధ్రం కింద ఇగ్నిషన్ కాయిల్స్, ఆల్టర్నేటర్, ఫ్యూజుల పెట్టె ఉంటే చిక్కే. తయారీసంస్థలు దీన్ని ఎలా ఎదుర్కొన్నాయో చూడటం ప్రయోజనకరం. 2020 నాటి ఫోర్డ్ మస్టాంగ్ షెల్బీ జీటీ500 బానెట్‌లో 31 అంగుళాల పొడవు, 28 అంగుళాల వెడల్పు గల రంధ్రం ఉంది. దాని అడుగున వాననీటిని పట్టుకొనే అల్యూమినియం పళ్లెం అమర్చారు. ట్రాకుకు వెళ్లినప్పుడు ఆ పళ్లేన్ని విప్పవచ్చు. గాలికి దారి, వానకు అడ్డు రెండూ ఒకే అమరికలో పూర్తిగా కుదరవని ఈ ఏర్పాటు చెప్పకనే చెబుతోంది. సొంతంగా పళ్లెం చేయించుకొనేవారు దానికి నీరు జారే వాలు, ఒక మూల గొట్టం పెట్టి, ఆ నీటిని విద్యుత్ భాగాలకు దూరంగా వదలాలి.

9. బిగింపు:

ఒక చదరపు మీటరు బానెట్ మీద లోపలి, వెలుపలి పీడనాల సగటు తేడా చలనపీడనంలో సగం ఉందనుకుందాం. గంటకు 100 కి.మీ. వేగంలో దాన్ని పైకి లేపే బలం సుమారు 24 కిలోల బరువుకు, 160 కి.మీ. వేగంలో సుమారు 60 కిలోల బరువుకు సమానం. ఉక్కు బానెట్ తన సొంత బరువుతో, బిగువుతో ఇందులో కొంత ఎదుర్కొంటుంది. తేలికైన బానెట్‌లో భారమంతా ముందున్న ఒక్క లాకు మీద, రెండు మడతబందుల మీద పడుతుంది. ఆ లాకు కొక్కెం పలుచని పలకకు జిగురుతో మాత్రమే అంటి ఉంటే అది ఊడిరావచ్చు. గాలిరంధ్రాలు సరైన చోట ఉంటే ఈ బలం కొంత తగ్గుతుంది. అంతమాత్రాన పిన్నులు అక్కరలేదనుకోవడం సాహసం. రంధ్రాలున్న కార్బన్ బానెట్‌కు నాలుగు మూలలా పిన్నులు, ప్రతి పిన్ను చుట్టూ భారాన్ని పంచే అడుగుపలక ఉండాలి. పాత బానెట్ బరువుకు తగినట్లు చేసిన గ్యాస్ స్ట్రట్లు తేలిక బానెట్‌ను వంచి పగులగొడతాయి. వాటిని తీసివేసి సాదా ఊతకర్ర వాడటం మేలు.

మరొక విషయం అంతగా చర్చకు రాదు. తయారీసంస్థల బానెట్లు ప్రమాదంలో ఒక నిర్దిష్టమైన చోట మడతపడేలా రూపొందుతాయి, అలా మడతపడటం వల్ల అద్దంలోకి దూసుకురావు. పాదచారి తల తగిలినప్పుడు లొంగేలా కూడా వాటిని పరీక్షిస్తారు. ఆఫ్టర్‌మార్కెట్ పలకలో ఈ రెండు గుణాలూ ఉన్నాయని భావించడానికి ఆధారం ఉండదు. పూర్తిగా ట్రాకు కోసమే ఉన్న కారుకు, రోడ్డు మీద తిరిగే కారుకు మధ్య గీత గీయవలసింది ఇక్కడే.

భారతదేశంలో ఆ గీత చట్టంలోనూ ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ ధ్రువపత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను కఠినంగానే వ్యాఖ్యానించింది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇలాంటి బానెట్ తెప్పించుకోదలచినవారు కొనడానికి ముందే రవాణాశాఖ కార్యాలయంలో, బీమా సంస్థలో విచారించడం అవసరం. బిగించిన తరువాత విచారించడంలో అర్థం లేదు.

10. మార్పు తరువాత:

కోత పూర్తయ్యాక అదే రోడ్డు మీద, అదే వేగంలో, రాకపోకల రెండు దిశల్లోనూ మళ్లీ కొలవాలి. గాలి వీచే దిశ వల్ల వచ్చే తేడా దీనివల్ల రద్దవుతుంది. రంధ్రం పనిచేస్తే లోపలి పీడనం తగ్గుతుంది కాబట్టి ముందు కనిపించినంత నీటిమట్టపు తేడా ఇప్పుడు కనిపించదు. కొలత తగ్గిందని రంధ్రం విఫలమైనట్లు భావించి దాన్ని ఇంకా పెద్దది చేయడం తరచూ జరిగే తప్పు. నీటి ఉష్ణోగ్రతను కూడా పోల్చాలి గాని, బయటి వాతావరణం ఒకేలా ఉన్న రోజులనే పోల్చాలి. ఉష్ణోగ్రత నుంచి ఆనాటి బయటి ఉష్ణోగ్రతను తీసివేసి మిగిలిన తేడాను నమోదు చేసుకుంటే ఈ పోలిక కొంత నమ్మదగినదవుతుంది.

మొదటి నాలుగైదు ప్రయాణాల తరువాత బానెట్‌ను విప్పి రంధ్రపు మూలలను, పిన్నుల చుట్టుపక్కలను నాణెంతో తట్టి చూడాలి. గట్టిగా అంటి ఉన్న చోట శబ్దం ఖణేల్‌మని వస్తుంది, పొరలు విడిన చోట మొద్దుగా వస్తుంది. మొద్దు శబ్దం వచ్చిన చోటును పెన్సిల్‌తో గుర్తించి, మరుసటిసారి ఆ గుర్తు చుట్టూ మళ్లీ తట్టాలి. మొద్దు శబ్దం గీత దాటి బయటికి పాకితే ఆ బానెట్‌ను మళ్లీ వేగానికి వాడరాదు.